హీరోస్, హీరా, హీరోన్

గల్ఫ్‌లో, సూర్ అనే ఊళ్లో నేను పనిచేసిన ఇల్లు ఒక గ్రీకు ఇంజనీరుది. ఆ ఏడాది ఆయన తల్లి వచ్చి వాళ్లతోనే ఉంది. వాళ్ల దేశంలో బడిపిల్లలకు పాత గ్రీకు చెప్పి రిటైరైన మనిషి. ఎప్పుడూ నల్లగౌనే. నేను పెద్దమేడం అనేదాన్ని. భోజనాలయ్యాక వంటింటి బల్ల దగ్గర మనవరాలికి పాఠం చెప్పేది.

కడప నుంచి మరిది ఫోన్ చేసినప్పుడు ఇస్త్రీ చేస్తున్నాను.

"వదినా, అన్న పోయినాడు. గుండె ఆగింది. నిన్ననే అంతా అయిపోయింది. నువ్వొచ్చి చేసేదేముండాది? ఆడనే ఉండు."

"సరే" అన్నాను. మిగతా చొక్కాలు కూడా చేసి మడతపెట్టాను. ఏడుపు రాలేదు. చెవుల్లో దూది కుక్కినట్టు ఉండింది. సాయంత్రం పెద్దమేడంకు చెబితే నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

కొన్నాళ్లకు ఆ పాప "హీరోస్, హీరా, హీరోన్" అని వల్లెవేస్తోంది. సినిమా హీరోల గురించేమో అనుకుని, గిన్నెలు తుడుస్తూ అడిగాను.

"తోడు పోయి మిగిలిపోయినవాళ్లు" అంది పాప ఇంగ్లీషులో. "మగవాళ్లయితే హీరోస్, ఆడవాళ్లయితే హీరా." అని నావైపు చూసి ఆగిపోయింది.

"నేను హీరా" అంది పెద్దమేడం, గుండెమీద చెయ్యి పెట్టుకుని.

"నేనూ" అన్నాను. నన్ను నేను ఆ మాట అనుకోవడం అదే మొదలు. "మగాడిక్కూడా ఉందా ఆ మాట?"

"ఉంది. మూడోది వస్తువులకు. మనిషి పోయిన ఇంటిని కూడా అలా అనొచ్చు" అంది పెద్దమేడం.

మా వీధిలో ఆడదానికున్న ఆ మాట కొళాయి దగ్గర తిట్టుకోవడానికి పనికొచ్చేది. పెళ్లాం పోయిన మగాడికి మళ్లీ సంబంధం చూడ్డమే తప్ప, పేరంటూ పెట్టగా వినలేదు.

"మీరు కూడా నలుపు కడతారా?" అని పెద్దమేడం అడిగింది.

"లేదు మేడం. బొట్టు తుడిచి, గాజులు పగలగొడతారు."

"ఇక్కడ ఎవరు చేస్తారు?"

"ఎవరూ లేరు."

అందుకని తియ్యలేదు. ధైర్యమేం కాదు. పొద్దున లేచి స్టిక్కరు పెట్టుకునే చెయ్యి పెట్టుకుంటూనే పోయింది, అంతే.

ఏడుపు చాలా నెలల తర్వాత వచ్చింది, చేపల మార్కెట్లో. ఎందుకో తెలీదు, నిలబడినచోటే కూలబడ్డాను. చేపలమ్మే ముసలాయన కంగారుపడి నీళ్లు తెచ్చిచ్చాడు. తాగి, ముక్కలు కొట్టించుకుని, ఇంటికొచ్చి కూర వండాను.