చల్లారిన రాగి కాగు

నగర శివారు క్రెయిగీబర్న్‌లో మా పక్కింట ఉన్నన్నాళ్లూ అంకుల్ దేన్నయినా చెయ్యి తిప్పి, వెనకవైపుతోనే తాకి చూసేవారు. టీ కప్పు, కారు బానెట్, మా అమ్మాయి నుదురు, అన్నీ అంతే. సర్వీసంతా నగరం నడిబొడ్డున ఉన్న పాత బీరు ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసిన మనిషి. "అరచెయ్యి కాలిందంటే వారం దాకా స్పానర్ పట్టుకోలేమమ్మా," అనేవారు.

ఆ ఫ్యాక్టరీని అమ్మేశారు, మూసేశారు. వీధివైపు గోడొక్కటి ఉంచి, దానికి చరిత్ర అని పేరుపెట్టి, వెనకాల అపార్ట్‌మెంట్లు మొదలెట్టారు. నేను ఫ్లాటు చూడబోతుంటే ఆయనా వచ్చారు. సేల్స్ ఆఫీసు మధ్యలో, ఒకప్పుడు బీరు కాచిన రాగి కాగును తళతళా తోమి నిలబెట్టారు. అంకుల్ అలవాటుగా చెయ్యి తిప్పి ఆనించారు.

"ప్లీజ్, డోంట్ టచ్! ఇట్స్ హెరిటేజ్," అంది సేల్స్ అమ్మాయి.

"సారీ," అన్నారాయన.

ఆయన సారీ చెప్పడమేమిటి! నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన ఇక్కడే పనిచేశారని ఆ అమ్మాయికి గట్టిగానే చెప్పాను.

వెంటనే ఆమె మొహం విప్పారింది. "ఓ, లవ్‌లీ! అయితే దానిమీద చెయ్యి వేసి నిలబడండి, ఫోటో తీస్తాను."

అంకుల్ రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నారు. "పదమ్మా, చల్లారిపోయింది," అన్నారు నాతో.

నిన్న నా ఫోన్లో ఆ అపార్ట్‌మెంట్ల ప్రకటన వచ్చింది. ఎవరో నెరిసిన జుట్టు మోడల్‌కి ఫ్యాక్టరీ చొక్కా తొడిగి ఆ కాగు పక్కన నిలబెట్టారు. అరచెయ్యంతా దానికి ఆనించి నవ్వుతున్నాడు.