ఐదు స్లైడ్ల చీర

ఆ బట్టల కంపెనీ మెయిల్‌ను నాలుగుసార్లు చదివాను. ఆర్డరు కావాలంటే మా చీరల గురించి స్లైడ్లు పంపాలట, అవీ ఐదే. రంగులు మూడుకు మించరాదు. ఫొటోలు అసలే వద్దు, రాతలూ పట్టికలూ చాలు. ఎవరెవరో నెట్‌లో దొరికిన చీరల ఫొటోలు తమవేనని పంపారట, అందుకని. దొంగలు చేసినదానికి శిక్ష మాకు! చీర చూపకుండా చీర అమ్మాలట.

ఆర్డరు రాకపోతే శుక్రవారం మా నాలుగు మరమగ్గాలనూ పాత ఇనుము కొనేవాడు ఎత్తుకుపోతాడు. మా ఆయన మాట ఇచ్చేశాడు. నగరిలో మా వీధిలో అప్పటికే సగం ఇళ్లలో మగ్గం చప్పుడు లేదు. తిరుపతిలో డిగ్రీ చదివానని స్లైడ్ల పని నా నెత్తిన పెట్టారు.

మూడు రోజులు తిట్లూ ఏడుపూ అయ్యాక తట్టింది. పట్టిక వద్దనలేదు కదా! మా మామ అంచు డిజైన్లను గ్రాఫు కాగితం మీద గడికో దారం లెక్కన వేసేవాడు. నాలుగో స్లైడులో సన్నగడుల పట్టిక గీసి, నేనూ అలాగే రంగులు నింపుకుంటూ పోయాను. అంచులో పెద్ద పువ్వు విచ్చుకుంది.

మా ఆయన వెనక నిలబడి చూశాడు. "ఈ పువ్వు నెయ్యలేము మే."

"నేను జేసింది నీకెప్పుడు బాగుండాదిలే."

"బాగుండాది. కానీ ఈడ సూడు, పన్నెండు గడులు ఒకే రంగు. అంత పొడుగు దారం కట్టు లేకుండా తేలిపోతాది. గాజు తగులుకుంటే లేసొస్తాది."

"ముందు ఆర్డరు రానీయయ్యా!"

"నెయ్యలేంది సూపిస్తే, ఆ ఫొటోల దొంగలకీ మనకీ తేడా ఏముండాది?"

నోటికొచ్చినట్టు తిట్టి, పువ్వును చిన్న మొగ్గలుగా విడగొట్టాను. స్లైడు వెలవెలబోయింది.

గురువారం వీడియో కాల్‌లో కంపెనీ మేనేజరమ్మ మిగతా స్లైడ్లు గబగబా దాటించి, నాలుగోదాని దగ్గర ఆగింది. "పట్టికలోనే చీరా! బాగుందండీ. ఈ మొగ్గలన్నీ కలిపి ఒక పెద్ద పువ్వు చేయగలరా?"

నేను చెరిపేసిన పువ్వే. 'ఆ' అంటే చాలు. కెమెరాకు పక్కగా కూర్చున్న మా ఆయన నేల చూస్తున్నాడు.

"మా మగ్గం మీద రాదండీ," అన్నాను.

"సరే, చెబుతాం," అంది.

శుక్రవారం పొద్దుటికి ఏ కబురూ లేదు. వ్యాను వచ్చి గుమ్మం ముందు ఆగింది.

"ఒక్క పూట ఆగప్పా, మెయిలొస్తాది," అన్నాను ఇనుమువాడితో.

"నెల నుంచీ ఇదే మాట గదక్కా," అన్నాడు.

మా ఆయనే పానా పట్టుకుని బోల్టులు విప్పాడు. మూడు మగ్గాలు విప్పి, అంచు డిజైను నేసే నాలుగోదాని దగ్గర ఆగిపోయాడు. "ఇది వద్దులే," అన్నాడు.

వ్యాను వెళ్లిపోయాక చేతులు తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చాడు. "రెండో స్లైడులో నాలుగు మగ్గాలని రాసుండావు గదా. మార్సి పంపు."

"ఒక్క మగ్గానికి ఎవురిస్తారయ్యా ఆర్డరు!" అని వీధంతా వినపడేలా అరిచాను.

అరిచి, నాలుగు చెరిపి ఒకటి వేశాను.