మా వీధి గిన్నెల పట్టిక

వనపర్తిలో డిగ్రీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. చెప్పడం వచ్చు గానీ ఓపిక తక్కువ. ఒకే ముక్క మూడోసారి అడిగితే మేడం ముఖం మాడుతుందని పిల్లలే చెప్పుకుంటారు. పోయిన నెల గ్రాఫుల పాఠం దగ్గర ముఖం బాగానే మాడింది. తెర మీద చుక్కలు, చుక్కల మధ్య గీతలు. ఆ బొమ్మను కోడ్‌తో రెండు గడుల పట్టికగా మార్చాలి. ఒక్కో గీతకు ఒక్కో వరుస. గీత ఎక్కడ బయలుదేరిందో మొదటి గడిలో, ఎక్కడికి చేరిందో రెండో గడిలో. ఇంతే సంగతి. పుస్తకంలో ఆ గీతను ఎడ్జ్ అన్నారు. గద్వాల నుంచి వచ్చే పిల్ల ఒకతె దాన్ని అంచు అని రాసుకుంది. "మేడం, అంచు పక్కకుంటది గద, గిది నడుమల ఎందుకుంది?" అని అడిగింది. చీరలు నేసే ఇంటి పిల్ల. నేనూ అలాంటి ఇంటిదాన్నే కాబట్టి నవ్వొచ్చింది.

పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ విమానాశ్రయాలది. మా క్లాసులో విమానం ఎక్కినవాళ్లు ఎవరూ లేరు, నాతో సహా. అందుకని ఆదివారం పొద్దున కూర్చుని గద్వాలలో మా చిన్నప్పటి వీధిని గీశాను. ఇంటికో చుక్క. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి కూర గిన్నె పోతే గీత, పోయిన వైపుకు బాణం. మొత్తం పన్నెండు చుక్కలు.

గీస్తుంటే కడుపులో ఆకలి లేచింది. మాది మగ్గం ఇల్లు. అమ్మ పుంటికూర వండిందంటే పొయ్యి మీద నుంచి దించకముందే నాలుగు గిన్నెలు వరుసగా పెట్టేది. నూలుకు రంగులద్దే ఇంటి నుంచి బుడ్డల పొడి, అంటే పల్లీల కారప్పొడి, వచ్చేది, వాళ్ల చేతుల్లాగే అదీ ఎర్రగా ఉంటుందని మేం ఎగతాళి చేసేవాళ్లం. బర్రెల ఇంటి ముసలమ్మ మజ్జిగ పంపేది, పంపిన సంగతి వీధంతా వినబడేలా చెప్పేది. పండగకు భక్షాలు ఎవరింట్లో ముందు అయితే వాళ్లది ఆ రోజు రాజ్యం. గిన్నె మోసేది ఎప్పుడూ ఆడపిల్లలే. ఖాళీ గిన్నె వాపసు ఇవ్వడం మా వీధిలో లేదు. ఏమీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలైనా, చిటికెడు చక్కెరైనా వేసి ఇవ్వాలి. అందుకే నా బొమ్మలో పోయిన ప్రతి బాణానికీ తిరిగొచ్చిన బాణం ఉంది.

కోడ్ రాసి నడిపితే పట్టిక ఒక్క క్షణంలో వచ్చింది. మగ్గం ఇల్లు, రంగుల ఇల్లు. రంగుల ఇల్లు, మగ్గం ఇల్లు. పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే వీధిలో నడుస్తున్నట్టే ఉంది. ఇప్పుడు పక్క ఫ్లాటులో ఎవరుంటారో నాకు తెలియదు. ఆ రోజులే వేరు, అందరం ఒక్క కుండలో తిన్నట్టే బతికాం అనుకుని, కళ్లు తుడుచుకుని, బొమ్మనూ పట్టికనూ ప్రింటు తీసుకున్నాను.

సోమవారం పొద్దున గద్వాల నుంచి వనపర్తి పోయే బస్సులో నా పక్క సీటు నా స్నేహితురాలిది. మా కాలేజీలోనే వృక్షశాస్త్రం చెబుతుంది. చిన్నప్పుడు ఇద్దరం ఒకే వీధి, ఒకే సర్కారు బడి, ఒకే బెంచీ. వీధి చివరి ఇల్లు వాళ్లది. అమ్మానాన్నలు సీడు పత్తి చేన్లలో కూలికి పోయేవాళ్లు. విత్తనం కోసం చేత్తో పువ్వుకు పువ్వు అద్ది క్రాసింగ్ చేసే రోజుల్లో ఇదీ బడి మానేసి పోయేది. ఆదివారాలు చర్చికి పోయేవాళ్లు. కాగితాలు దాని ఒళ్లో పెట్టాను, మెచ్చుకుంటుందని.

ఎర్రవల్లి దాటేదాకా వాటినే చూసింది. వేలితో వరుస వరుసా దిగింది. మళ్లీ పైకెళ్లి దిగింది.

"మా ఇల్లేదే?" అంది.

"బొమ్మల చూడు, చివరకు."

"బొమ్మల చుక్క ఉంది. పట్టికల లేదు."

"గీత లేని చుక్క పట్టికలకు రాదే. కోడ్ గీతలనే చూస్తది," అన్నాను. క్లాసులో చెప్పే గొంతుతోనే అన్నాను. అన్నాక నా మాట నాకే వినబడింది. పన్నెండు ఇళ్ల వీధి, పట్టికలో పదకొండే ఉన్నాయి. ఆదివారమంతా చూసి కూడా నాకు లోటు కనబడలేదు.

పెన్ను తీశాను. "మా ఇంటి నుంచి మీ ఇంటికి ఒకటి రాస్త."

"పంపిన్రా?"

"లే."

"మరెందుకు రాస్తవు? పంపనిది రాసి పిల్లలకు ఏం చెప్తవు?" దాని గొంతులో కోపం లేదు, అదే నాకు కష్టమైంది. "మా అమ్మ పంపింది ఒకపారి. క్రిస్మస్‌కు గర్జెలు. నేనే తెచ్చిన. యాదికుందా?" అంది.

ఎందుకు లేదు. స్టీలు గిన్నె, పైన కొత్త గుడ్డ. అమ్మ నవ్వుతూనే తీసుకుంది. ఇది అటు పోగానే గిన్నె నా చేతికిచ్చి, "పక్కింటి బర్రెకు ఏసి రా" అంది. ఇంకేమీ అనలేదు, అనాల్సిన అవసరం లేకుండానే నాకు అర్థమైంది. వేసి వచ్చాను. గిన్నె కడిగి, ఏమీ పెట్టకుండా వీధి చివర ఇచ్చి వచ్చాను.

"తిన్నరా?" అంది. ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ అడగలేదు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. "నేనొకటి తిన్న. మిగిలినయి బర్రె కుడితిల ఏసిన."

బస్సు బీచుపల్లి వంతెన ఎక్కింది. నా స్నేహితురాలు కిటికీలోంచి కృష్ణా నది వైపు చూస్తూ, "తీపి సరిపోయిందా?" అంది.

"సరిపోయింది."

"మా అమ్మ ఆ పొద్దంత అడుగుతనే ఉండె. ఏమన్న అన్నరా, తీపి తక్కువైందా అని. మస్తు బాగున్నయన్నరని చెప్పిన. నమ్మిందో లేదో తెల్వదు."

వాళ్లమ్మ పోయి ఐదేళ్లయింది. బడికి పోయేటప్పుడు నా జడ వదులైతే ఆపి బిగించేది. ఆ చేతులు తల మీద పడితే నాకు హాయిగా ఉండేది. ఏడుపు ఆపుకోలేకపోయాను. అది నన్ను ఊరడించలేదు, విసుక్కోనూ లేదు. నా చేతిలో పెన్ను తీసుకుని పట్టిక చివర తనే రాసింది. మొదటి గడిలో చివరిల్లు, రెండో గడిలో మగ్గం ఇల్లు.

"పంపినామె వరుస ఉండాలె," అని కాగితం మడిచి ఇచ్చింది. పెబ్బేరులో ఎవరో ఎక్కితే సర్దుకుని కూర్చున్నాం.

ఆ మధ్యాహ్నం ల్యాబులో పిల్లలు ఆ చివరి వరుసతో సహా పట్టికంతా టైపు చేసి, కోడ్ నడిపి చూసుకుంటున్నారు. ముందు వరుసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, అన్నిటికీ వాపస్ వరుస ఉంది. చివరింటికి లేదు. రాసుడు మర్చిపోయిన్రా?"

"మర్చిపోలే," అన్నాను. "మగ్గం ఇల్లు మాది. మేమే వాపస్ పంపలే."