వాగు మీద వంతెన

మా ఊరికీ ఆర్మూర్ రోడ్డుకూ మధ్య ఒక వాగు. ఎన్నికల ముందు మా నాయకుడు వచ్చి, వంతెన కడతామని కొబ్బరికాయ కొట్టి, తన పేరు చెక్కిన నల్లరాతి ఫలకం ఒడ్డున పాతించి వెళ్లాడు. ఎమ్మెల్యేగా గెలిచాడు. వంతెన మాత్రం రాలేదు.

ఆ వానాకాలమే అక్కకు నొప్పులొచ్చాయి. వాగు ఉధృతంగా పారుతోంది. అవతల ఆటో, ఇవతల మంచం మీద అక్క. నీళ్లు తగ్గాక మోసుకెళ్లారు. దవాఖానలో అక్క బతికింది, బిడ్డ దక్కలేదు.

బీడీలు చుట్టే మా అమ్మ, వాడకట్టు ఆడవాళ్లను వెంటబెట్టుకొని ఆర్మూర్‌లో నాయకుడి ఆఫీసుకు తిరగడం మొదలుపెట్టింది. ఆయన ఎప్పుడూ కసురుకోలేదు. చాయ్ తాగించేవాడు.

"అసెంబ్లీ అయిపోనియ్యమ్మా, పని షురూ జేపిస్త" అనేవాడు. అసెంబ్లీ అయిపోయాక టెండర్లన్నాడు. టెండర్ల తర్వాత ఎన్నికల కోడ్ అన్నాడు.

ఎండాకాలం మొదలైంది. మళ్లీ వానలొచ్చేలోపు వంతెన కావాలని అమ్మ ఇక ఆగలేదు. ఆడవాళ్లంతా గడ్డపారలతో ఆ ఫలకాన్ని పెకిలించి, మార్కెట్‌కు పసుపు తీసుకెళ్తున్న ట్రాక్టర్‌లో వేశారు. నేనూ ఎక్కాను. దాన్ని ఆఫీసు గేటుకు ఆనించి, పేరు రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడేలా నిలబెట్టాం. పోలీసులను పిలుస్తానని వాచ్‌మన్ బెదిరించాడు. ఎవరూ కదల్లేదు.

నాయకుడే బయటికొచ్చాడు. "గిదేం పనమ్మా?"

"మీ రాయి మీకే తెచ్చిచ్చినం సారూ. మా బిడ్డ బిడ్డను మీరు తెచ్చియ్యలేరు. వంతెనన్న కట్టుండ్రి" అంది అమ్మ.  

మార్కెట్‌కు వచ్చిన రైతులు గుమిగూడారు. ఆయన తల దించుకొని లోపలికి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే కంకర దిగింది.

వానలకు ముందే వంతెన పూర్తయింది. కానీ రెండు వైపులా డ్రమ్ములు అడ్డం పెట్టారు. సారు రిబ్బన్ కత్తిరించాలట, ఆయనకేమో తీరిక లేదట. తొలి వానలకే కింద వాగు నిండుతోంది.

అమ్మ ఒక డ్రమ్మును పక్కకు దొర్లించింది.

"సారు రాకముందే ఎట్ల పోతరు?" అని కాంట్రాక్టర్ మనిషి అడ్డొచ్చాడు.

"నడుసుకుంట పోతం" అంది అమ్మ.

అక్క చెయ్యి పట్టుకొని ముందు ఆమే దాటింది. వెనక మేమంతా మిగతా డ్రమ్ములనూ దొర్లిస్తూ నడిచాం. మా వెనక ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ వచ్చింది.