టికెట్టు లేని మజ్జిగ

మొన్నటి రోహిణి కార్తెలో శంషాబాద్‌లో ఒక చలివేంద్రం పందిరి కింద నాలుగు గంటలు కూర్చుని, నా కళ్ళ ముందే వెయ్యిమంది నీళ్ళు తాగిపోతుంటే, చుక్క నీళ్ళు ముట్టకుండా లేచి వచ్చిన మనిషిని నేను. నమ్మకపోతే మా చెల్లె బాలమణిని అడగండి. నా భార్య అంజమ్మను మాత్రం అడగకండి.

వెయ్యిమంది అన్నది కొంచెం ఎక్కువే. రెండు వందలు ఉంటారేమో. నాలుగు గంటలు కూడా కాదు, రెండున్నర. కానీ చుక్క ముట్టలేదన్న మాట నిజం. అది ఎట్లా నిజమో వరుసగా చెబుతాను. మా ఆమనగల్లు నుంచి ఆ దారిన గుండె డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకు పనికిరావచ్చు.

నా గుండె బలహీనపడి రెండేళ్ళయింది. నెత్తురును తోసే బలం తగ్గిందట. తాగిన నీళ్ళు బయటికి పోక ముందు కాళ్ళలో చేరతాయి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి వస్తాయి. శంషాబాద్‌లో నన్ను చూసే డాక్టరమ్మ పోయిన నెల ఖచ్చితంగా చెప్పింది: "రోజుకు లీటరు, అంతే. వచ్చేసారి బరువు పెరిగి ఉంటే నేనింక వినను, వార్డులో పడుకోబెట్టి సూదులతో ఆ నీళ్ళు తీయాల్సిందే." అంతకుముందు ఒకసారి అట్లా ఆరు రోజులు పడుకున్నాను. మళ్ళీ ఆ మంచం ఎక్కడం కంటే మిద్దె మీద నుంచి దూకడం నయం అనిపించింది.

అందుకే ఆ రోజు ఇంట్లో తూకం చూసుకోకుండానే బయలుదేరాను. తూకం మిషన్ మంచం కింద ఉంది. నేను దాని వైపు చూడలేదు.

పొద్దున ఆరుంబావుకు ఆమనగల్లు బస్టాండ్. అంజమ్మ చేతిలో సంచి, సంచిలో లీటరు సీసా. సీసా మీద ఆమె బొగ్గుముక్కలాంటి నల్ల పెన్నుతో నాలుగు గీతలు గీసింది. మొదటి గీత పది గంటలకు, రెండోది మధ్యాహ్నం ఒంటిగంటకు, మూడోది నాలుగింటికి, నాలుగోది పడుకునేముందు. ఆ గీతలు దాటకూడదు. సీసా ఆమె దగ్గరే ఉండాలి.

హైదరాబాద్ బస్సు ఆరున్నరకు వచ్చింది. నేను ముప్పయ్యొక్క సంవత్సరాలు ఆర్టీసీలో కండక్టరుగా చేసినవాణ్ణి, కాబట్టి నాకు పాసు ఉంది. అంజమ్మకు ఆడవాళ్ళ జీరో టికెట్టు. కండక్టరు పిల్లవాడు మిషన్‌లోంచి చీటీ చింపి ఇచ్చాడు. "పైసలే లేవు, గీ చీటీ ఎందుకు బిడ్డా?" అంది అంజమ్మ. "లెక్కల రావాలె గద అమ్మా, సీట్ల కూసున్నరు" అన్నాడతను. ఆ మాట నేను అప్పుడు సరిగా పట్టించుకోలేదు. ఎడమవైపు సీట్లు పట్టండి, పొద్దున ఎండ అటు తక్కువ.

పక్క సీట్లో ఒక రిటైరైన సారు పేపరు చదువుతున్నాడు. "ఎండలు ముదిరినయి. నీళ్ళు బాగా తాగాలె, మూడు లీటర్లకు తక్కువ తాగొద్దని రాసిండు చూడు" అని నా ముందు పెట్టాడు. నేను సీసా చూపించి "నాకు లీటరే" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను కింది నుంచి మీదికి చూశాడు. "ఎవరన్నరు? డాక్టరా, పగోడా?"

కడ్తాల్‌లో బస్సు పది నిమిషాలు ఆగింది. కాళ్ళు చాపుకొని వస్తానని దిగి, హోటల్ వెనక నిలబడి చాయ్ తాగాను. ఒకటి కాదు, రెండు. సీసా ముట్టలేదు.

ఇక్కడ నా లెక్క చెప్పకపోతే మీకు అర్థం కాదు. బస్సులో టికెట్టు పెద్దమనిషికి. చంకలో ఉన్న చంటిపిల్లకు టికెట్టు లేదు. అట్లనే నీళ్ళకే టికెట్టు. చాయ్, మజ్జిగ, చారు, అంబలి, ఇవన్నీ చంకలో పిల్లలు. డాక్టరమ్మ నీళ్ళు లీటరు అన్నది, మజ్జిగ లీటరు అనలేదు. ముప్పయ్యొక్క సంవత్సరాలు రూలు బుక్కు చదివినవాణ్ణి, రూలులో లేనిదాన్ని ఎందుకు చేర్చుకుంటాను?

ఏడూ నలభైకి తుక్కుగూడ. అక్కడ దిగి శంషాబాద్‌కు షేరాటో పట్టాలి. ఆటో నిండేదాకా కదలదు. క్రాస్‌రోడ్డు దగ్గర కొబ్బరిబోండాల బండి ఉంది. అంజమ్మ ఆటోవాడితో మాట్లాడుతుంటే నేను బండి దగ్గరికి జరిగాను. నీళ్ళు తక్కువ తాగమన్నారని ఆ బోండాలామెతో అన్నాను. ఆమె కత్తి ఆపకుండానే "కొబ్బరినీళ్లు నీళ్లు గావు బాపు, సెలైనసొంటియి. గుండెకు మంచిది" అంది. ఆమె మాటతో నా రూలుకు ముద్ర పడింది. ఒక బోండాం తాగేశాను.

ఆటోలో ఎనిమిది మందిమి. ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీస్ రోడ్డు మీద పోతుంటే విమానాలు నెత్తి మీంచి దిగుతున్నాయి. నా పక్కన ఒక క్యాబ్ డ్రైవరు, బండి రిపేరుకిచ్చి వస్తున్నాడు. వాడి చేతిలో రెండు లీటర్ల సీసా, మాటిమాటికి తాగుతున్నాడు. నేను మింగుతున్న గుటకలు చూసి సీసా నా వైపు చాపాడు.

"వద్దు నాయనా, నాకు గుండె జబ్బు. లీటరే తాగాలె."

"నాకు కిడ్నీల రాళ్లు తాత. ఎయిర్‌పోర్టుల బుకింగ్ కోసం బండ్లనే కూసుంటం. మూత్రానికి వోతె లైన్ల నా నంబరు పోతదని నీళ్లు తాగకపోతిని. గిప్పుడు డాక్టరు మూడు లీటర్లు తాగు, లేకుంటె కోస్త అంటుండు."

"నన్నేమో తాగితే పండబెడత అంటున్నది."

వాడు ఇంకో గుక్క తాగాడు. "ఇద్దరం డాక్టర్లను మార్చుకుందామా?"

ఆటోలో అందరూ నవ్వారు, అంజమ్మ తప్ప. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకొని రోడ్డు వైపు చూస్తోంది. నాకు మాత్రం నవ్వులో కూడా తల తిరిగింది. ఒకే ఎండ, ఒకే ఆటో. వాడికి నీళ్ళు మందు, నాకు నీళ్ళు విషం. పేపరు మూడంటుంది, డాక్టరమ్మ ఒకటంటుంది, బోండాలామె అసలు లెక్కలోకే తీసుకోదు. ఎవరిది నిజం?

ఎనిమిదిన్నరకు బాలమణి ఇల్లు. బావ పోయినప్పటి నుంచి ఆమె ప్రతి ఎండాకాలం ఆయన పేరు మీద రోడ్డు పక్కన చలివేంద్రం పెడుతుంది. మేం గుమ్మం ఎక్కగానే చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళకు ముందు నీళ్ళివ్వకపోతే మా దగ్గర అది ఇల్లే కాదు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. బాలమణి మొహం చిన్నబోయింది.

"మా ఇంట్ల నీళ్లు గూడ ముట్టవా అన్నా?"

"నీళ్లొద్దు చెల్లె. అంబలి ఉంటే ఇయ్యి."

అంజమ్మ లోపల కాళ్ళు కడుక్కుంటోంది. ఆమె బయటికొచ్చేసరికి పెద్ద గ్లాసు జొన్న అంబలి, ఉల్లిగడ్డ నంజుకొని, అయిపోయింది.

తొమ్మిదిన్నరకు పందిరికి పోయాం. నాలుగు రంజన్లు, అంటే పెద్ద మట్టికుండలు, వాటి చుట్టూ తడి గోనెపట్టాలు, మీద చెక్క మూతలు. ఒక పక్క మజ్జిగ డ్రమ్ము, ఉప్పు బాగా వేసి, కరివేపాకు నలిపి. గోదాముల్లో మూటలు మోసేవాళ్ళు, ప్లాట్లు చూపించే బ్రోకర్లు, క్యాబ్ డ్రైవర్లు వచ్చి తాగిపోతున్నారు. బాలమణికి మోకాళ్ళ నొప్పి, అందుకని అంజమ్మ గరిటె పట్టుకొని నీళ్ళు పోయడానికి నిలబడింది. నాకు ఎదురుగా కుర్చీ వేశారు. పెద్దమనిషిని, చూస్తూ కూర్చోవడమే నా పని.

నీళ్ళు పోసే చప్పుడు వింటూ కూర్చోవడం ఎంత కష్టమో పథ్యం ఉన్నవాడికే తెలుస్తుంది. రంజన్‌లో గరిటె మునిగినప్పుడల్లా నా నాలుక అంగిట్లో అతుక్కునేది. పది గంటలకు అంజమ్మ సీసా ఇచ్చింది. మొదటి గీత దాకా కాదు, సగమే తాగి వెనక్కిచ్చాను. "చూసినవా?" అన్నాను. ఆమె సీసా సంచిలో పెట్టి మళ్ళీ గరిటె అందుకుంది.

తర్వాత మూడుసార్లు పందిరి వెనక్కి పోయాను. అక్కడ బాలమణి పక్కింటామె మజ్జిగ కలుపుతోంది. మూడుసార్లకు మూడు గ్లాసులు. నాలుగు పుచ్చకాయ ముక్కలు కూడా. అది పండు కదా, తింటాం, తాగం.

పదకొండున్నరకు అంజమ్మ గరిటె వదిలేసి రంజన్ పట్టుకొని కింద కూర్చుంది. కళ్ళు తిరిగాయట. "ఎండకు ఆగలేకపోతివి, నేను చూడు, రాయోలె ఉన్న" అన్నాను. బాలమణి నన్నొక చూపు చూసి, ఆమె మొహం మీద నీళ్ళు చల్లి ఇంట్లోకి తీసుకుపోయింది. నేను ఇంకో అరగంట పందిట్లో కూర్చుని, పన్నెండింటికి లేచాను. మధ్యాహ్నం భోజనంలో పచ్చిపులుసు కంచం ఎత్తి తాగాను, మామిడికాయ తొక్కు రెండుసార్లు వేయించుకున్నాను. నడిచి మూడింటికి క్లినిక్‌కు చేరేసరికి చెప్పులు బిగుతయ్యాయి. మెట్లు ఎక్కుతుంటే రెండుసార్లు ఆగాను. చెప్పుల తప్పనుకున్నాను.

డాక్టరమ్మది కోస్తా వైపు, మాట మెత్తగా ఉంటుంది. డ్యూటీ దిగే కండక్టరు టికెట్ల లెక్క రాసిన వేబిల్లు అప్పజెప్పినట్టు, నేను కూర్చోకముందే సీసా బల్ల మీద పెట్టాను. లీటరులో ముప్పాతికకు పైనే ఇంకా అట్లే ఉంది.

"బాగుందండి" అంది ఆమె. "మిషన్ ఎక్కండి."

రెండున్నర కిలోలు పెరిగాను. ఆమె సీసాను చూసింది, మిషన్ చూసింది, నా కాలి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, పూడలేదు. ఆరు రోజుల మంచం, చేతికి సూది, పక్క మంచం మీద మూలుగు, అన్నీ గుర్తొచ్చాయి.

"ఇంత నీళ్ళు మిగిల్చారు, బరువెలా పెరిగిందండీ? పొద్దుటి నుంచి ఏం తిన్నారు, ఏం తాగారు, దాచకుండా చెప్పండి."

అంజమ్మ పక్కనే ఉంది. చాయ్‌తో మొదలుపెట్టాను. రెండు చాయ్‌లు, బోండాం, అంబలి, మజ్జిగ. ఒక్కొక్కటి చెబుతుంటే అంజమ్మ తల నా వైపు తిరుగుతూ వచ్చింది. పచ్చిపులుసు దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

"అవన్నీ నీళ్ళేనండి" అంది డాక్టరమ్మ.

"మజ్జిగ గూడనా?"

"మజ్జిగ, చారు, పుచ్చకాయ, అన్నీ. పైగా మజ్జిగలో, తొక్కులో ఉప్పు. ఉప్పు నీళ్ళను ఒంట్లోనే పట్టి ఉంచుతుంది, మళ్ళీ దాహం పెంచుతుంది. కొబ్బరినీళ్ళు మీరేసుకునే మాత్రలతో అసలు పడవు."

ఆటోలో పిల్లవాడి సంగతి అడిగాను. వాడికి మూడెందుకు, నాకు ఒకటెందుకు? "వాళ్ళ జబ్బు వేరు, మీది వేరు. పేపర్లో రాసింది జబ్బు లేనివాళ్ళకు" అంది. అంత చిన్న మాట పొద్దుటి నుంచి ఎవరూ చెప్పలేదు. నేను అడగనూ లేదు.

ఊపిరితిత్తులు విని, ఇంకా నిమ్ము చేరలేదంది. వార్డు తప్పింది. మాత్ర పెంచింది, మూడు రోజుల్లో మళ్ళీ రమ్మంది. పడుకుంటే ఆయాసం వస్తే ఆ క్షణమే రావాలి. అంజమ్మకు ఒక పద్ధతి చెప్పింది. పొద్దున ఒక చెంబులో లీటరు నీళ్ళు పోసి పెట్టాలి, నేను తాగే నీళ్ళు అందులోవే. నేను చాయ్ తాగితే అంత కొలత చెంబులోంచి పారబోయాలి. మజ్జిగ తాగితే ఆ మజ్జిగంత పారబోయాలి. చెంబు ఖాళీ అయితే ఆ రోజు అయిపోయినట్టే. నోరెండితే పుక్కిలించి ఉమ్మాలి. ఈ దారిన వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగిందీ అంతే. మీ కొలత ఎంతో మీ డాక్టరును అడగండి, నన్ను చూసి పెట్టుకోకండి.

ఐదింటికి తిరుగు ఆటో, ఆరుంబావుకు తుక్కుగూడలో బస్సు. అంజమ్మకు మళ్ళీ జీరో టికెట్టు వచ్చింది. ఆమె దాన్ని నా కళ్ళ ముందు పెట్టింది.

"గిది సున్న టికెట్టేనాయె. మరి నేను సీట్ల లేనా?"

ఆమె అన్నది అదొక్కటే. చంకలో పిల్లలందరూ దిగి వరుసగా సీట్లలో కూర్చున్నట్టయింది నాకు.

ఇదంతా రాసి నాలుగు రోజుల తర్వాత ఆమెకు చదివి వినిపించాను. బరువు కిలోన్నర దిగింది, అందుకే కొంచెం ధైర్యం. తప్పులన్నీ ఒప్పుకున్నాను, చుక్క నీళ్ళు ముట్టలేదన్న మాట కూడా తప్పేనని ఒప్పుకున్నాను. ఎండకు ఆమె కళ్ళు తిరిగిన చోటికి రాగానే చెయ్యెత్తి ఆపింది.

"ఎండకు గాదు."

"మరి?"

"నువ్వు ఎదురుంగ కూసొని నా చేతిల గ్లాసు దిక్కే చూస్తుంటివి. నీ ముందల ఎట్ల తాగుదు? బస్సుల తాగలే, ఆటోల తాగలే, బాలమణి చెంబు గూడ వద్దంటి. మందికి పోసుకుంటనే నిలవడ్డ. నువ్వేమో పందిరి ఎనక మజ్జిగ తాగొస్తివి."

నేను కాగితం కింద పెట్టాను.

"మొదలు రాసింది దిద్దు" అంది. "ఆ పందిరి కింద చుక్క నీళ్లు ముట్టని మనిషి నువ్వు గాదు. నేను."