అత్తమ్మకు మిగిలిన ఒక్క మాట

పెళ్లయి జహీరాబాద్‌కు వచ్చేనాటికి నాకు ఒక్క స్తోత్రం కూడా రాదు. కోహీర్‌లో మా పుట్టింట్లో మొక్కడమంటే పటం ముందు ఊదుబత్తి ముట్టించి, చెంపలేసుకుని పనిలో పడటమే. మా అత్తమ్మ సంగతి వేరు. ప్రతి గురువారం మా ముందరి గదిలో పదిమంది ఆడవాళ్లు భజనకు కూర్చునేవారు. ఆమె తాళం కొట్టి పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకునేవారు.

పెళ్లయిన వారానికే నన్ను దేవుడి గదిలో నిలబెట్టింది. స్నానం చేసి తడి చీరతో నిలబడి, ఆమె చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాలి. ఒక్క మాట తప్పితే, "మళ్ల మొదటి నుంచి" అనేది. భయానికి నాలుక మడతపడేది. "దరిద్రం! దేవుని ముందర గూడ నోరు పెగలదు దీనికి" అనేది. చలికాలమంతా వణుకుతూ చదివాను. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు, పొద్దున్నే వెళ్లిపోయేవాడు. చెబితే, "అమ్మ నీ మంచికే చెప్తది, జర నేర్చుకో" అన్నాడు.

మూడో ఏడు, ఏడో నెలలో కడుపు పోయింది. ఆడపిల్ల. దవాఖాన నుంచి వచ్చి పడుకుని ఉన్నాను. చూడటానికి వచ్చిన భజన వాళ్లతో ఆమె, "సక్కగ మొక్కుడు రానిదానికి దేవుడు పిల్లల్నెట్ల ఇస్తడు?" అంది. ఒకామె నా కాళ్ల మీద దుప్పటి సర్దింది. ఆ తర్వాత నేను స్తోత్రం తప్పు లేకుండా చదవడం నేర్చుకున్నాను. మనసులో మాత్రం ఏమీ ఉండేది కాదు.

ఇంకో ఆరేళ్లకు, ఒక పొద్దున ఆమె నల్లా దగ్గర బిందెలో నీళ్లు పడుతూ కూలబడిపోయింది. హైదరాబాద్ దవాఖానలో పన్నెండు రోజులున్నాం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాటలన్నీ పోయి ఒక్కటి మిగిలింది: "దరిద్రం." నీళ్లు కావాలన్నా అదే, కొడుకును పిలవాలన్నా అదే. తప్పు మాట వస్తోందని ఆమెకు తెలిసేది. ఎడమ చేత్తో నోటి మీద కొట్టుకునేది.

ఇంటికి పంపే రోజు, మాట నేర్పే మేడం నన్ను పక్కకు పిలిచింది. "మాట పోయినా పాట మిగులుతదమ్మా. ఆమెకు బాగొచ్చిన పాట మీరు ఎత్తుకోన్రి, ఆమె అందుకుంటది. రోజూ పాడిస్తే మెల్లగ మాటలు గూడ రావొచ్చు. ఆలస్యం చెయ్యకున్రి" అంది. మా ఆయన మందులు తీసుకుని వచ్చి ఏం చెప్పిందని అడిగాడు. "వేళకు గోలీలు వెయ్యమన్నది" అన్నాను. ఎందుకట్లా అన్నానో నాకు అప్పుడే తెలుసు.

ప్రతి సాయంత్రం, మా ఆయన డ్యూటీ నుంచి రాకముందే, ఆమెను దేవుడి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి దీపం వెలిగించేదాన్ని. ఎడమ చేత్తో కుడి చెయ్యి పైకెత్తి పట్టుకుని, పెదవులు కూడదీసుకుని, "దరిద్రం... దరిద్రం..." అనేది. నేను గోడకు ఆనుకుని వినేదాన్ని. ఆగిపోతే, "మళ్ల మొదటి నుంచి" అనేదాన్ని. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారితే తుడిచేదాన్ని కాదు. భజన వాళ్లు వస్తామంటే, పాట వింటే బాధపడుతుందని చెప్పి ఆపేదాన్ని. ఇట్లా ఐదు నెలలు.

ఒక ఏకాదశినాడు వాళ్లు నన్ను అడగకుండానే వచ్చి కూర్చున్నారు. మా ఆయన అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు. వాళ్లు పాండురంగని పాట ఒకటి ఎత్తుకున్నారు. రెండో చరణంలో అత్తమ్మ నోరు తెరిచింది. అక్కడి నుంచి పాటంతా వచ్చింది. ఒక్క మాట పొల్లు పోలేదు. ఆడవాళ్లు ఏడ్చారు. మా ఆయన గోడకు తల ఆనించి ఏడ్చాడు. నేను వంటింట్లోకి పోయి, గట్టు పట్టుకుని నిలబడి, "దేవుడా, ఆమె నోరు మళ్ల మూసెయ్" అనుకున్నాను. అంతవరకు నేను చదివినవన్నీ ఆమె నేర్పినవే. నా అంతట నేను మొక్కింది అదే మొదటిసారి.

వారం తిరగకుండా ఆయన మమ్మల్ని హైదరాబాద్ తీసుకుపోయాడు. మేడం నా వైపు చూసి, "అప్పుడే చెప్పిన కదమ్మా మీకు! ఇన్ని రోజులు ఏం చేసిన్రు? ఇప్పుడు పాట వస్తది గానీ మాట వచ్చుడు కష్టం" అంది. అత్తమ్మ కూడా విన్నది.

"నీకు తెలుసా?" అన్నాడు మా ఆయన, ఇంటికొచ్చాక.

"తెలుసు."

"మా అమ్మను మూగదాన్ని చేసినవ్ గదనే."

బిడ్డ పోయినప్పుడు ఆమె అన్న మాట చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆయన నన్ను కొట్టలేదు. ఆ రోజు నుంచి అన్నం తానే వడ్డించుకున్నాడు.

పాట ఎవరో ఒకరు ఎత్తుకుంటేనే ఆమెకు వచ్చేది. సాయంత్రాలు ఆయన వచ్చేదాకా ఇంట్లో ఉండేది నేనే. భజనకు వచ్చే పక్కింటామెను అడిగి ఆ పాట నేర్చుకున్నాను. మొదటి రోజు ఎత్తుకుంటే అత్తమ్మ ముఖం గోడకు తిప్పుకుంది. రెండో రోజూ అంతే. నాలుగో రోజు, నన్ను చూడకుండా, అందుకుంది. రెండేళ్లు అట్లాగే పాడింది. నా చేతి ముద్ద మాత్రం ఒక్కనాడూ తినలేదు. పక్కింటామె వచ్చి తినిపించేది.

పాట అయిపోయాక ఆమెను మంచం మీదికి చేర్చి, నేను మళ్లీ దేవుడి గదిలోకి పోయేదాన్ని. క్షమించమనే మాట స్తోత్రాల్లో చాలాచోట్ల ఉంది. నోట్లోకి వచ్చేసరికి అది ఆమె గొంతుతో వినబడేది. నా సొంత మాట కోసం వెతికితే ఏదీ దొరికేది కాదు. దీపం సన్నగిల్లేదాకా నిలబడి వచ్చేదాన్ని.

ఆమె పోయేముందు నా చెయ్యి పట్టుకోలేదు. ఒక మధ్యాహ్నం, కొడుకు పక్కన ఉండగా పోయింది.

ఇప్పటికీ రోజూ ఆ గదిలో నిలబడతాను, నోరు మెదపకుండా. మొన్న మా ఆయన గుమ్మంలో ఆగి, "ఏం మొక్కుతవ్ గింతసేపు?" అన్నాడు. అమ్మ పోయాక ఆయన నన్ను అడిగిన మొదటి మాట అది.

"మొక్కడానికి మాట దొరుకుతలేదు" అన్నాను.

ఆయన బూట్లు తొడుక్కుని డ్యూటీకి పోయాడు.