కుందేళ్ళు ఇంట్లోకి వచ్చిన ఆదివారం

మా అమ్మాయి పట్టుబట్టి తెచ్చుకున్న రెండు కుందేళ్ళను ఇంట్లో ఉంచాలా, పెరట్లో ఉంచాలా అన్నది మా ఇంట్లో పెద్ద చర్చ అయింది. మా ఇల్లు కడియం దగ్గర, ఒక నర్సరీ గోడను ఆనుకుని ఉంటుంది. గోడకవతల ఎప్పుడూ తడిమట్టి, కుండీల వరసలు, కప్పల బెకబెకలు.

"ఇంట్లో ఉంచితే వైర్లన్నీ కొరికేస్తాయి. పైగా అమ్మకి ఆయాసం, ఆ బొచ్చు పడదు" అన్నారు మావారు. ఆయనకు టౌన్లో హార్డ్‌వేర్ షాపు ఉంది. అక్కణ్ణుంచే ఇనప జాలీ తెచ్చి, సపోటా చెట్టు కింద బోను చేయించారు.

అత్తయ్యగారి ఆయాసం మాట నిజమే కాబట్టి నేను కాదనలేకపోయాను. కానీ పెరడంటే నాకు మొదటినుంచీ భయమే. కుక్కలు గోడ దూకుతాయేమో, ముంగిస వస్తుందేమో, ఎండకి వాటికి వడదెబ్బ తగులుతుందేమో. పొయ్యి మీద కూర మాడుతున్నా నా కళ్ళు కిటికీలోంచి ఆ బోను మీదే ఉండేవి. "నీకు అన్నిటికీ భయమే" అని ఆయన నవ్వేవారు.

ఆ ఆదివారం పొద్దున్న వాన వెలిసింది. ఆయన షాపుకి వెళ్ళారు. అమ్మాయి బోను ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి లోపల పెట్టి కొత్తిమీర కాడలు తినిపిస్తోంది. నేను తడిబట్టల బకెట్టుతో పెరట్లోకి దిగాను.

"అమ్మా, చూడు! ఇది డాన్స్ చేస్తోంది" అంది.

గోధుమరంగు కుందేలు వెనక కాలితో బోను అడుగు చెక్క మీద టపటపా కొడుతోంది. తెల్లది మూలకి నక్కి, గుడ్లు మిటకరించి, కదలకుండా ఉంది. అది చూస్తున్నవైపు నేనూ చూశాను. బోనుకీ గోడకీ మధ్య తాచుపాము పడగ ఎత్తి నిలబడింది. మా అమ్మాయి చేతికీ దానికీ మధ్య జాలీ ఒక్కటే ఉంది. ఆ జాలీ కన్నాల్లోంచి దాని తల దూరుతుంది.

అరవాలనుకున్నాను. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. పరిగెత్తితే పాము బెదురుతుందని బకెట్టుతో అక్కడే ఆగాను.

"అమ్మడూ, కదలకమ్మా. చెయ్యి అక్కడే ఉంచు." వెనక గుమ్మంలోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. ఆవిడా చూశారు.

"ఎందుకు మామ్మా?"

"కుందేలు జడుసుకుంటుందే. కాసేపు బొమ్మలా ఉండు, చూద్దాం."

ఆవిడ ఛాతీలో పిల్లికూతలు నాకు వినపడుతున్నాయి. మాట మాత్రం తొణకలేదు. అమ్మాయి బొమ్మలా కూర్చుంది. పాము పడగ దించింది. తలతో జాలీని తడుముతూ బోను పొడవునా పాకి, గోడ అడుగున నీళ్ళు పోయే కన్నంలోంచి నర్సరీలోకి జారిపోయింది. తోక మాయమవగానే బకెట్టు వదిలేశాను.

పిల్లను లాక్కుని గుమ్మంలోకి తెచ్చి, వేళ్ళన్నీ విడదీసి మళ్ళీ మళ్ళీ చూశాను. "ఏమైందమ్మా? ఎందుకలా చూస్తున్నావ్?" అంటోంది.

కుందేళ్ళను లోపలికి తెచ్చాక తెల్లది దేన్నీ ముట్టలేదు. చేత్తో పట్టుకుంటే దాని గుండె అరచేతిలో కొట్టుకుంటోంది. పశువుల డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"మేత మానేస్తే ప్రమాదమండి. బాగా జడుసుకుంటే ప్రాణం కూడా పోవచ్చు. చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. మధ్యాహ్నానికి తినకపోతే వెంటనే తీసుకొచ్చేయండి" అన్నారు.

మా ఇంట్లో అలాంటి చోటు అత్తయ్యగారి గది ఒక్కటే.

"నా మంచం కింద పెట్టమ్మాయ్" అన్నారావిడ.

"మీకు ఆయాసం కదండీ."

"మూతికి గుడ్డ కట్టుకుంటాలే. అది పోతే పిల్ల తట్టుకోలేదు."

ఇక నా భయం రెండింతలైంది. తలుపు దగ్గర నిలబడి, మంచం మీద ఆవిడ ఊపిరి, మంచం కింద దాని ఊపిరి వింటూ ఉండిపోయాను. ఆవిడ ఇన్‌హేలర్ పఫ్ పీల్చుకున్నప్పుడల్లా నా ప్రాణం పోయి వచ్చేది.

భోజనానికి వచ్చిన ఆయనకు జరిగింది పిల్లకి వినపడకుండా చెప్పాను. ఈసారి నవ్వలేదు. "ఇంకా సన్న జాలీ వేయిస్తే..." అని మొదలుపెట్టి, మా అమ్మాయి ముఖం చూసి ఆగిపోయారు. అన్నం తినకుండానే పెరట్లోకి వెళ్ళి, పాము ఉంటే తప్పుకునేలా కర్రతో నేల తట్టుకుంటూ బోను విప్పేశారు.

"అమ్మాయ్, రా!" అని అత్తయ్యగారు నన్ను గుసగుసగా పిలిచారు. వంగి చూస్తే తెల్లది గరిక కొరుకుతోంది. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను.

ఇప్పుడవి వెనక వసారాలో ఉంటున్నాయి. చుట్టూ దోమతెర జాలీ వేయించి, వైర్లన్నీ పైకెత్తించాం. అత్తయ్యగారి గది తలుపు ఎప్పుడూ మూసే ఉంచుతాం. అయినా గోధుమరంగుది ఆయన ఫోన్ చార్జరు కొరికేసింది.

పాము సంగతి తరవాత మామ్మే అమ్మాయికి చెప్పారు. అప్పట్నుంచి పిల్ల పెరట్లోకి దిగనంటోంది. అందుకని సాయంత్రం బట్టలు తీయడానికి నేనే దాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతున్నాను. "ఏం లేదు, రా" అంటాను. అంటూనే కర్రతో నేల తడుతుంటాను.